సీటొచ్చింది సరే, మంచమెక్కడ?

ఈసారి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో ఉండి సెంటర్లోని ఓ నెట్ సెంటర్లో మధ్యాహ్నమంతా కూర్చున్నాను. మా బాబాయి కూతురికి ఈఏపీసెట్‌లో ఓ మాదిరి ర్యాంకు వచ్చింది, వెబ్ ఆప్షన్లు పెట్టాలి. నెట్ సెంటర్ కుర్రాడు కాలేజీల కోడ్‌లు గబగబా చదువుతున్నాడు. తెర మీద కాలేజీ పేరు, బ్రాంచి, జిల్లా, ఫీజు కనిపిస్తున్నాయి. మా వెనక నిలబడ్డ బాబాయి అడిగింది ఒక్కటే: "హాస్టల్ సంగతేంటి బాబూ?" కుర్రాడు తల తిప్పకుండానే, "అది ఇందులో ఉండదండి. సీటొచ్చాక కాలేజీకెళ్లి అడగాలి" అన్నాడు.

బాబాయి చేపల చెరువుల మీద కూలి చేస్తాడు. పిన్ని వ్యాన్‌లో రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్లి తలలు తీసే పని చేస్తుంది. ఆ ఇంట్లో ఇంటర్ దాటిన మొదటి మనిషి మా చెల్లి. ర్యాంకింగులు, ప్లేస్‌మెంట్లు, అటానమస్ హోదా లాంటి మాటలు వాళ్లకు కొత్త. అయినా ఆ గదిలో అసలు ప్రశ్న అడిగింది బాబాయే.

మొదటి ఏడాది చేరే విద్యార్థి కాలేజీని ఎంచుకుంటుందని మనం అనుకుంటాం. దళిత కుటుంబంలో దానికంటే ముందు తేలాల్సిన సంగతి ఇంకోటుంది. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది, ఎవరి పక్కన కూర్చుని తింటుంది? కాలేజీ ఏదో, బ్రాంచి ఏదో, చదువు చివరిదాకా సాగుతుందో లేదో కూడా చాలాసార్లు దీన్నిబట్టే తేలుతుంది. రిజర్వేషన్ ద్వారా సీటును హక్కుగా ఒప్పుకున్న ప్రభుత్వం, ఆ సీటులో కూర్చునే మనిషి రాత్రి తల వాల్చే మంచాన్ని ఇంకా దయగానే చూస్తోంది. మన పిల్లలు జారిపోతున్నది ఈ సందులోంచే.

ముందున్నవి నాలుగు దారులు

రోజూ ఇంటి నుంచి వెళ్లిరావడం, సాంఘిక సంక్షేమ శాఖ కాలేజీ హాస్టల్, కాలేజీ సొంత హాస్టల్, ప్రైవేటు హాస్టల్ లేదా అద్దె గది. ఉండి చుట్టుపక్కల ఏ పేటలో అడిగినా ఈ నాలుగే చెబుతారు.

మొదటి దారి ఇప్పుడు తేలికైనట్టు కనిపిస్తోంది. 2025 ఆగస్టు 15 నుంచి 'స్త్రీ శక్తి' పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఉండికి భీమవరం దగ్గరే. చిన అమిరంలో 1980లో మొదలైన ఎస్‌ఆర్‌కేఆర్ ఇంజనీరింగ్ కాలేజీ దగ్గర్నుంచి, ఆ పట్టణం చుట్టూ కాలేజీలు చాలానే ఉన్నాయి. "ఫ్రీ బస్సుండగా హాస్టలెందుకు, దండగ" అని మా బంధువులు అప్పుడే మొదలుపెట్టారు. ఫ్రీ బస్సు మంచి పథకమే. ఇంటర్‌తో ఆగిపోయే ఆడపిల్లలు కొందరైనా దానివల్ల కాలేజీ గడప తొక్కుతారు. కానీ ఇంటి నుంచి వెళ్లే ఆడపిల్ల రోజు ఎలా గడుస్తుందో మనకు తెలుసు. తెల్లారకముందే లేచి వంట. తల్లి షిఫ్టు నుంచి వచ్చేలోపు అంట్లు, బట్టలు, తమ్ముడి సంగతి. లాబ్ ఆలస్యమైన రోజు సెంటర్లో దిగి పేట దాకా చీకట్లో నడక. ఆ తర్వాత టీవీ మోగుతున్న ఒంటి గదిలో పుస్తకం తెరవాలి. అదే క్లాసులో హాస్టల్లో ఉండే అమ్మాయికి సాయంత్రం నుంచి పడుకునేదాకా నాలుగైదు గంటలు సొంతంగా దొరుకుతాయి. నాలుగేళ్లలో ఆ గంటలన్నీ కలిపితే ఎంతవుతుందో లెక్క వేయండి. ఆ తేడాను చివర్లో "మెరిట్" అంటారు.

డబ్బు లెక్క కూడా చూడాలి. 2021లో సవరించిన కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల్లో ప్రొఫెషనల్ కోర్సు చదివే ఎస్సీ విద్యార్థి హాస్టల్లో ఉంటే ఏడాదికి 13,500 రూపాయలు, డే స్కాలర్ అయితే 7,000. బస్సు ఫ్రీ కాబట్టి ఇల్లే చాలనుకునే అమ్మాయి, చేతికొచ్చే డబ్బులోనూ దాదాపు సగం వదులుకుంటుంది.

రెండో దారి సాంఘిక సంక్షేమ శాఖ హాస్టల్. పట్నం చేరిన దళిత విద్యార్థికి తెరిచి ఉండే మొదటి తలుపు అదే. వార్డెన్, కుక్, కామాటి, వాచ్‌మన్, ఓ టీవీ గది, వరసగా ఇనప మంచాలు. అందులో చదివి ఉద్యోగాలకెక్కినవాళ్లు మన ప్రతి పేటలో ఒకరిద్దరైనా ఉంటారు. అయితే ఇంటర్, ఆపై చదువుల విద్యార్థులకు నెలకు 1,400గా ఉన్న మెస్ ఛార్జీని 2023లో 1,600 చేశారు. రోజుకు 53 రూపాయలు. పొద్దున టిఫిన్, రెండు పూటల భోజనం, గుడ్డు, పాలు, సాయంత్రం చిరుతిండి అన్నీ అందులోనే. సెంటర్లో ప్లేటు ఇడ్లీ, ఓ టీ ఎంతకొస్తున్నాయో చూస్తే వార్డెన్ ఏం వండగలడో అర్థమవుతుంది. పప్పు పలచనైతే వార్డెన్‌ను తిట్టుకుంటాం. పలచన చేసిన కాగితం మాత్రం సచివాలయంలో ఉంటుంది.

దీనికి తోడు సమయం తంటా. ఇంటర్, డిగ్రీ పిల్లలు ముందే చేరిపోతారు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ విడతలు విడతలుగా సాగి సీటు ఖాయమయ్యేసరికి హాస్టల్లో మంచాలు నిండిపోతాయి. "వెయిటింగ్‌లో పెడతాను, ఎవరైనా మానేస్తే చెప్తాను" అనే మాట నేను చాలా చోట్ల విన్నాను. ఇంకో పేద పిల్ల చదువు మానేస్తేనే మన పిల్లకు మంచం దొరుకుతుందన్నమాట.

మూడోది కాలేజీ హాస్టల్. చాలామంది తల్లిదండ్రులు మోసపోయేది ఇక్కడే. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందంటే అన్నీ వస్తాయనుకుంటారు. స్కాలర్‌షిప్ భాషలో ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, ఎంటీఎఫ్ అంటే నిర్వహణ ఖర్చు. మొదటిది కాలేజీ కోసం, రెండోది పిల్ల తిండీ బసా కోసం. రెండోది ప్రైవేటు కాలేజీ హాస్టల్ ఫీజుతో ఎప్పుడూ తూగదు. 2020 ఫిబ్రవరిలో మొదలైన వసతి దీవెన కింద డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20,000 అన్నారు. పది నెలలకు పంచితే నెలకు రెండు వేలు. అదీ విడతలుగా, ఆలస్యంగా. కాలేజీ మాత్రం గది తాళం ఇచ్చేముందే డబ్బు కట్టమంటుంది. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, 'బకాయి' అన్న మాట మారలేదు. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన ఎన్ఐటీ లాంటి కేంద్ర సంస్థలో ఎస్సీ, ఎస్టీలకు ట్యూషన్ ఫీజు మినహాయింపు ఉంది. మెస్ బిల్లు మాత్రం ఇంటి నుంచే రావాలి.

నాలుగోది ప్రైవేటు హాస్టల్ లేదా గది. ఇక్కడ డబ్బు కంటే ముందు కులం అడ్డొస్తుంది. నేను 2009లో ఏలూరులో డిగ్రీలో చేరినప్పుడు మొదటి నెల ప్రభుత్వ హాస్టల్లో చోటు దొరకలేదు. ముగ్గురం ఆడపిల్లలం గది కోసం తిరిగాం. ఒకావిడ గది చూపించింది, అద్దె చెప్పింది, మంచినీళ్లు కూడా ఇచ్చింది. తర్వాత ఊరడిగింది. ఊళ్లో ఎక్కడ అనడిగింది. ఇంటి పేర్లడిగింది. చివరికి, "ఆదివారం చర్చికెళ్తారా?" అంది. గోదావరి జిల్లాల్లో ఆ ప్రశ్నకు అర్థమేమిటో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మా ముగ్గురిలో ఒకమ్మాయి అమాయకంగా వెళ్తామంది. "మా చుట్టాలకు ఇస్తామని ముందే మాటిచ్చాం, మర్చిపోయా" అందావిడ. విచిత్రమేమంటే, అదే చర్చిని చూసి 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ప్రభుత్వం దళిత క్రైస్తవులను ఎస్సీలు కాదంటుంది, బీసీ-సీ అంటుంది. గది అద్దెకిచ్చే మనిషికి చర్చి అంటే ఎస్సీ. హాస్టల్ సీటిచ్చే ఆఫీసుకు చర్చి అంటే ఎస్సీ కాదు. పిల్లలు రెండు వైపులా ఓడిపోతారు.

"ఊళ్లో ఉండి చదువుకుంటే ఏం పోయింది" అనేవాళ్లకు మా నియోజకవర్గం నుంచే ఒక జవాబుంది. పాలకోడేరు మండలం గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం విషయంలో దళితులు తలెత్తుకుని నిలబడినందుకు ఊరి ఆధిపత్య కులాలు వాళ్లను సాంఘికంగా బహిష్కరించాయి. పనుల్లోకి పిలవడం మానేశాయి. చెరువు, చేను, అప్పు అన్నీ ఒకే కులం చేతిలో ఉన్న ఊళ్లో దళిత విద్యార్థి ఇల్లు కూడా ఆ కులం దయ మీదే నిలబడి ఉంటుంది. హాస్టల్ మంచం ఆ పట్టు నుంచి బయటపడే మొదటి చోటు.

హాస్టల్ మన ఉద్యమం కట్టిన ఇల్లు

హాస్టల్‌ను ప్రభుత్వ దానంగా చూడటం మనకు అలవాటు చేశారు. చరిత్ర అలా లేదు.

అంబేడ్కర్ కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లారు. ఆ ఊళ్లో ఆయనకు ఉండడానికి చోటు దొరకలేదు. పార్సీ పేరు రాయించుకుని పార్సీల సత్రంలో దిగితే, పదకొండో రోజు కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి నిలదీసి, ఖాళీ చేయమంది. అంతటి చదువూ ఆయనకు ఒక గది సంపాదించి పెట్టలేకపోయింది. 1924లో ఆయన బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. మరుసటి ఏడాదే ఆ సభ షోలాపూర్‌లో విద్యార్థుల హాస్టల్ తెరిచింది. సభలు, పత్రికలు, సత్యాగ్రహాలు నడిపిన మనిషి మంచాల గురించి, బియ్యం గురించి ఎందుకంత ఆలోచించారో బరోడా సంగతి తెలిస్తే అర్థమవుతుంది. ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1944లో, ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఇవాళ జ్ఞానభూమి పోర్టల్‌లో మనం నింపే దరఖాస్తు మూలం అక్కడుంది.

ఆధిపత్య కులాలకు హాస్టల్ విలువ మనకంటే ముందే తెలుసు. 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వచ్చింది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు అది బసతో పాటు గ్రంథాలయం, పరిచయాలు, రాజకీయం అన్నీ ఇచ్చింది. రావి నారాయణరెడ్డి లాంటి నాయకులు అక్కడ ఉండి చదువుకున్నవాళ్లే. అలాంటి కుల హాస్టళ్లు తెలుగు నేలంతా వెలిశాయి. వాటిని 'సమాజ సేవ' అన్నారు. సాంఘిక సంక్షేమ హాస్టల్‌ను మాత్రం 'ఎస్సీ హాస్టల్' అని పెదవి విరుస్తూ అన్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ హాస్టళ్లు, గురుకులాలు ఇంతగా విస్తరించడంలో ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి కృషి ఉంది. దాని వెనక దళిత విద్యార్థుల పోరాటాలూ ఉన్నాయి. మెస్ ఛార్జీల పెంపు కోసం కలెక్టరేట్ల ముందు కూర్చున్న పిల్లలే తర్వాత కారంచేడు ఉద్యమంలో, విశ్వవిద్యాలయ సంఘాల్లో, ఉద్యోగ సంఘాల్లో కనిపించారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1993లో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ మొదలయ్యాక, కొత్తగా వచ్చే పిల్లకో పిల్లవాడికో తన గదిలో చాప పరిచే సీనియర్ ఉండడమనేది ఒక సంప్రదాయంగా మారింది. ఉస్మానియాలో 'నాన్ బోర్డర్' అనే మాట వినని దళిత విద్యార్థి ఉండడు. తనకున్న ఒక్క మంచాన్ని ఇద్దరు పంచుకోవడమే మన ఉన్నత విద్య చరిత్రలో సగం.

లోపలికి వెళ్లాక

మంచం దొరకడంతో కథ ముగిస్తే బాగుండేది. ఈ పాతికేళ్లలో దళిత విద్యార్థుల మీద జరిగిన పెద్ద దాడులను వరసగా పేర్చి చూడండి. చాలావాటికి వేదిక హాస్టలే.

2002లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పదిమంది దళిత విద్యార్థులను బహిష్కరించింది. ఆ గొడవ మొదలైంది హాస్టల్ మెస్ నిర్వహణ దగ్గర. 2007లో థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌ను పరిశీలించినప్పుడు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు వేధింపులు తట్టుకోలేక గదులు మారి కొన్ని హాస్టళ్ల పై అంతస్తులకు చేరుతున్నారని తేలింది. దేశంలో పేరున్న వైద్య కళాశాలలోనూ ఊరు ఊరిగానే ఉంది, పేట పేటగానే ఉంది. కాకపోతే అక్కడ పేట పై అంతస్తులో ఉంది. 2015 డిసెంబర్‌లో మళ్లీ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఐదుగురు దళిత పరిశోధకులకు వేసిన శిక్ష హాస్టళ్ల నుంచి, ఉమ్మడి స్థలాల నుంచి వెలి. వాళ్లు పరుపులు ఆరుబయట వేసుకుని, ఆ చోటుకు 'వెలివాడ' అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనల్ని విడిచి వెళ్లాడు. గుంటూరు నుంచి వెళ్లిన పిల్లవాడి చేతిలోంచి విశ్వవిద్యాలయం లాక్కున్నది గది తాళం. 2019 మేలో ముంబయిలో చనిపోయిన ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వి, ఆరోపణలెదుర్కొన్న సీనియర్లతోనే మొదట్లో గది పంచుకుంది. 2023లో ఐఐటీ బాంబేలో శాకాహారులకు వేరే బల్లలు కేటాయించడాన్ని వ్యతిరేకించిన విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా వేశారు.

అందుకే మన పిల్లలకు హాస్టల్ ఎంపిక అంటే వైఫై, ఏసీ పోల్చుకోవడంతో అయిపోదు. ఎస్సీ హాస్టల్లో ఉంటే మనవాళ్ల మధ్య ధైర్యంగా ఉండొచ్చు. కానీ కాలేజీకి దూరం, తిండి అంతంత మాత్రం, క్లాసులో ముద్ర. కాలేజీ హాస్టల్లో ఉంటే లైబ్రరీ పక్కనే, సీనియర్ల నోట్స్, ప్రాజెక్టు జట్లు, ఇంటర్వ్యూల కబుర్లు అన్నీ అందుతాయి. కానీ ర్యాంకెంతని అడిగి కులం లెక్కకట్టే రూమ్మేట్‌తో ఏడాది గడపాలి.

నేను రెండింటిలోనూ ఉన్నాను. నెల తర్వాత ఏలూరు ప్రభుత్వ హాస్టల్లో మంచం దొరికింది. అక్కడ బాత్రూమ్ దగ్గర క్యూ, పురుగుల బియ్యం ఏరుకోవడం గుర్తున్నాయి. స్కాలర్‌షిప్ ఫారం నింపడం, పీజీ ప్రవేశ పరీక్ష ఉందన్న సంగతి, అంబేడ్కర్ పుస్తకం మొదటిసారి చేతిలోకి రావడం కూడా అక్కడే. పీజీలో అందరూ ఉండే హాస్టల్‌కు వెళ్లాను. గదిలో ముగ్గురం. మొదటి వారం బాగానే ఉంది. స్కాలర్‌షిప్ లిస్టు నోటీసు బోర్డు మీద అంటించిన రోజు సాయంత్రం నుంచి నా గ్లాసు విడిగా కనిపించసాగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఫిర్యాదు చేయడానికి ఒక్క మాటైనా ఉండాలి కదా, అది కూడా లేదు.

కాబట్టి 'వేరుగానా, కలిసా' అని మనల్ని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. వేరుగా ఉండే హాస్టల్ తిండికి, శుభ్రానికి ఎవరికీ తీసిపోకూడదు. కలిసి ఉండే హాస్టల్లో గ్లాసు విడిగా పెట్టే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. రెండూ మనిషి ఉండదగ్గవిగా మారినప్పుడే ఎంచుకోవడం అన్న మాటకు అర్థం ఉంటుంది. ఇప్పుడు మన పిల్లలు చేస్తున్నది ఆకలికీ అవమానానికీ మధ్య ఏది భరించగలమో తేల్చుకోవడం.

చట్టంలో మంచం ఉంది

ఇది కొత్త కోరికేమీ కాదు. 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం ఐదో సెక్షన్ ఆసుపత్రి, విద్యాసంస్థలతో పాటు హాస్టల్‌ను కూడా పేరు పెట్టి చెబుతుంది. అంటరానితనం కారణంగా అక్కడ ప్రవేశం నిరాకరిస్తే నేరం. యూజీసీ 2009 ర్యాగింగ్ నిబంధనలకు 2016లో చేసిన సవరణతో కులం, ప్రాంతం, ఆర్థిక స్థితి పేరుతో అవమానించడం కూడా ర్యాగింగ్ కిందికి వచ్చింది. 2012 సమానత్వ నిబంధనలు హాస్టళ్లలో, మెస్‌లలో, రీడింగ్ రూముల్లో విద్యార్థులను వేరు చేయడాన్ని నిషేధించాయి. ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, ప్రొఫెసర్ స్థాయికి తగ్గని వివక్ష వ్యతిరేక అధికారి, 60 రోజుల్లో ఫిర్యాదుపై నిర్ణయం ఉండాలన్నాయి. రోహిత్, పాయల్ తల్లులు 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లి అడిగింది ఈ నిబంధనలు కాగితం మీదే ఎందుకున్నాయనే. ఆ కేసు ఒత్తిడితోనే 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు నోటిఫై చేసింది. వెంటనే వాటిపై వ్యతిరేకత రేగింది, నెల తిరక్కుండానే సుప్రీంకోర్టు స్టే ఇచ్చి, అప్పటికి 2012 నిబంధనలే కొనసాగాలంది. పద్నాలుగేళ్లుగా సరిగా అమలుకాని నిబంధనల దగ్గరికే మళ్లీ వచ్చి ఆగాం.

మంచం సీటులో భాగమేనని అదే సుప్రీంకోర్టు ఒకసారి గుర్తించింది కూడా. 2024లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన కూలీ కొడుకు, దళిత విద్యార్థి, 17,500 రూపాయలు గడువులోపు కట్టలేక ఐఐటీ ధన్‌బాద్ సీటు పోగొట్టుకున్నాడు. సెప్టెంబర్ 30న కోర్టు 142వ అధికరణం కింద అతనికి సీటివ్వాలని ఆదేశించింది, హాస్టల్ సహా ప్రవేశంతో వచ్చే సదుపాయాలన్నీ అందాలని చెప్పింది. ఒక్క పిల్లవాడి విషయంలో న్యాయమూర్తులకు కనిపించింది లక్షల మంది దరఖాస్తులు చూసే కౌన్సెలింగ్ కంప్యూటర్‌కు ఎందుకు కనిపించదు?

సాధ్యం కాదనడానికీ లేదు. మా పక్కనే నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పదో తరగతి మార్కులతో ఎంపిక, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెయిటేజీ, ఆరేళ్ల చదువు, సీటుతో పాటే బస. అక్కడా మెస్ తిండి మీద ఆందోళనలు జరిగాయి, లోపాలున్నాయి. కానీ పేట నుంచి వెళ్లిన పిల్ల "సీటొచ్చింది, ఎక్కడుండాలి?" అని అడగాల్సిన పని అక్కడ లేదు.

అడగాల్సినవి

ప్రభుత్వాన్ని అడగాల్సినవి నాలుగు. వెబ్ ఆప్షన్ల పేజీలో ఫీజు పక్కనే ఆ కాలేజీ హాస్టల్ ఫీజు, దగ్గర్లోని ప్రభుత్వ హాస్టల్, అందులో ఖాళీలు కనిపించాలి. కౌన్సెలింగ్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థికి సీటు ఖాయమైన రోజే ప్రభుత్వ హాస్టల్లో మంచం కూడా ఖాయం కావాలి, ఆలస్యంగా వచ్చే ఇంజనీరింగ్ పిల్లల కోసం కొన్ని మంచాలు ముందే పక్కన పెట్టాలి. మెస్ ఛార్జీలు ధరలతో పాటు ఏటా వాటంతటవే పెరగాలి, పిల్లలు రోడ్డెక్కేదాకా ఆగకూడదు. నిర్వహణ ఖర్చు విద్యా సంవత్సరం మొదటి నెలలోనే అందాలి.

సంఘాలు చేయగలిగినవీ ఉన్నాయి. తమ పట్టణంలో ఏ హాస్టల్లో ఎన్ని మంచాలు, ఎవరు వార్డెన్, ఎన్ని బాత్రూములు, కాలేజీకి బస్సుందా లేదా అన్నది ఏలూరు, భీమవరం, తాడేపల్లిగూడెం విద్యార్థి సంఘాలు ఓ వారం తిరిగితే జాబితా తయారవుతుంది. కౌన్సెలింగ్ రోజుల్లో ఆ జాబితా పట్టుకుని నెట్ సెంటర్ల దగ్గర నిలబడితే చాలు. మన పిల్లలు ఆప్షన్లు పెట్టేది అక్కడే.

ఇక ఈ ఏడాది చేరబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు మాటలు. ఆప్షన్ పెట్టేముందు ఆ కాలేజీలో చదువుతున్న మనవాళ్లు ఒక్కరితోనైనా మాట్లాడండి, బ్రోచర్‌ను నమ్మొద్దు. హాస్టల్ ఫీజు ఎన్ని విడతలు, మధ్యలో ఖాళీ చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు సీటుకంటే ముందే సిద్ధం చేసుకుని, వార్డెన్ దగ్గర మీ పేరు తేదీతో సహా రాయించుకోండి. కాలేజీలో వివక్ష వ్యతిరేక అధికారి ఎవరో మొదటి వారంలోనే అడిగి తెలుసుకోండి. ఎవరూ లేరని చెబితే, అదే మీ మొదటి ఫిర్యాదు. ర్యాగింగ్ ఎదురైతే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. అవమానం జరిగిన రోజు, సమయం, చూసినవాళ్ల పేర్లు ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ఆ రోజుల్లో నేను రాసి పెట్టుకోలేదు.

ఆ మధ్యాహ్నం మా చెల్లి కొంచెం పేరున్న కాలేజీని రెండో స్థానానికి దించి, ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్‌కు నడిచి వెళ్లగలిగే కాలేజీని మొదట పెట్టింది. "అక్కా, ర్యాంకు వృథా అయినట్టా?" అని అడిగింది. కాలేదని చెప్పాను. పూర్తిగా నమ్మి చెప్పానని అనలేను. మర్నాడు ముగ్గురం ఆ హాస్టల్‌కు వెళ్లాం. వార్డెన్ మంచి మనిషి, కూర్చోబెట్టి మాట్లాడింది. సీటు వచ్చిన కాగితం తెస్తేనే పేరు రాసుకుంటానంది, అప్పటికి ఖాళీ ఉంటుందో లేదో చెప్పలేనంది. తిరుగు బస్సులో చెల్లికి టికెట్ లేదు, బాబాయికి ఉంది. కండక్టర్‌కు చిల్లర ఇస్తూ బాబాయి మళ్లీ అదే అడిగాడు: "అయితే అమ్మా, మంచం సంగతి ఎవర్నడగాలి?"